అన్నయ్యను తలచుకోవడం తప్పా?

ప్రశ్న: నా వయసు 43. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. నాకంటే నాలుగేళ్ళు పెద్దయిన అన్నయ్య తణుకులో మోటారు వైండింగ్ షాపు నడిపేవాడు. నాన్న పోయాక నన్ను చదివించి పెళ్ళి చేసినవాడు. మార్చిలో గుండెపోటుతో ఒక్క పూటలో పోయాడు. ముందు రోజు రాత్రి నాకు ఫోను చేశాడు. వంటపనిలో ఉండి తీయలేదు. రేపు మాట్లాడదాంలే అనుకున్నాను. అమ్మ దగ్గర అన్నయ్య పేరు ఎత్తవద్దని బంధువులు అంటున్నారు. మా వారు ‘ఇంకా ఎన్నాళ్ళిలా’ అంటున్నారు. శోకానికి ఐదు దశలుంటాయని, నేను మొదటి దశ దాటలేదని ఆఫీసులో ఒకరు చెప్పారు. రాఖీ పౌర్ణమినాడు తలుపు వేసుకుని కూర్చున్నాను. కార్తీకంలో భగినీ హస్త భోజనానికి ఏటా మా ఇంటికి వచ్చేవాడు, ఈసారి ఆ రోజు ఎలా గడుస్తుందో తెలియదు. ఈ మధ్య అన్నయ్య గొంతు మరిచిపోతానేమోనని భయం వేస్తోంది. వదిన, పదమూడేళ్ళ మేనల్లుడు ఊళ్ళోనే ఉన్నారు. షాపు మూతపడింది. నేను అన్నయ్యను మరిచిపోవాలా, తలచుకోవాలా?

జవాబు: తలచుకోండమ్మా. పేరు పెట్టి, నలుగురి ముందూ తలచుకోండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మిమ్మల్ని ఎవరైనా పలకరించినట్టు అందులో ఒక్క ముక్క కూడా కనిపించలేదు. తోబుట్టువు పోయిన ఆడపిల్లకు తరచుగా జరిగేది ఇదే. వచ్చినవాళ్ళందరూ ‘అమ్మ ఎలా ఉంది, వదిన తట్టుకుంటోందా, పిల్లవాడి చదువు ఎలా’ అని ఆమెనే అడుగుతారు. ఆమె జవాబులు చెబుతూ ఉండిపోతుంది. పెళ్ళయి గోత్రం మారిన ఆడపిల్లకు పుట్టింటి మైల కూడా తక్కువ రోజులే. ఆ నాలుగు రోజులూ గడిచాక మీరు హైదరాబాదు బస్సు ఎక్కి ఉంటారు. అక్కడ ఆ ఇంటికి ఏడాది దాకా పండుగ లేదు. ఇక్కడ మీ ఇంట్లో కొన్నాళ్ళకే ఉగాది వచ్చింది, పచ్చడి మీరే కలిపి ఉంటారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ మీరు పుట్టేనాటికే ఆయన ఉన్నారు. ఆయన లేని రోజు ఎలా ఉంటుందో ఈ మార్చి దాకా మీకు తెలియనే తెలియదు. ఏడు నెలల్లో అది అలవాటు కాలేదంటే ఆశ్చర్యం ఏముంది?

ఐదు దశల మాట పక్కన పెట్టండి. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ అనే వైద్యురాలు 1969లో వాటిని వివరించింది ప్రధానంగా తమ మరణం దగ్గరపడిందని తెలిసిన రోగులతో మాట్లాడిన అనుభవంతో. ఆత్మీయులను పోగొట్టుకున్నవారు వరుసగా ఎక్కితీరవలసిన మెట్లు కావవి. పోయినవారితో బంధం తెంచుకుంటేనే కోలుకున్నట్టు అన్న పాత అభిప్రాయాన్ని 1996లో డెన్నిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్మన్, స్టీవెన్ నిక్మన్ అనే పరిశోధకులు గట్టిగా ప్రశ్నించారు. బంధం రూపం మార్చుకుని కొనసాగుతుందని చెప్పారు. మహాలయ పక్షంలో పేరుపేరునా తలచుకునే మన ఇళ్ళకు ఇది వింత సంగతి కాదు.

ఇక ఆ రాత్రి ఫోను. మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా కోస్తున్నది ఇదేనని నాకు అనిపించింది. ‘రేపు మాట్లాడదాంలే’ అని ఎవరి విషయంలో అనుకుంటామో చూడండి. కొత్తవాళ్ళ ఫోను అయితే చేయి తుడుచుకుని పరుగెత్తి తీస్తాం. రేపు కూడా ఉంటాడన్న ధీమా ఉన్న మనిషి దగ్గరే వాయిదా వేస్తాం. అన్నయ్య మీద మీకున్న ఆ ధీమాను ఆయనే ఇన్నేళ్ళుగా మీకు ఇచ్చారు. చెల్లెలు వంటింట్లో ఉండి ఉంటుందని ఆయనకు తెలియదంటారా? మీరు తీసిన ఫోన్లు వేలు ఉంటాయి. తీయని ఆ ఒక్కదానితో మీ ఇద్దరినీ కొలవకండి.

గొంతు సంగతికి వస్తే, ఇది ఈ వారంలోనే చేయవలసిన పని. మీ వాట్సాప్‌లో ఆయన పంపిన వాయిస్ మెసేజీలు ఉంటే వెతికి, కంప్యూటర్లోకి ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ తీసిపెట్టండి. ఫోను మార్చినప్పుడు ఇలాంటివి పోగొట్టుకుని కుమిలిపోయినవారిని చూశాను. పెళ్ళి వీడియోల్లో వెనక నుంచి ఆయన ఎవరినో పిలిచే పిలుపు కూడా దొరకవచ్చు. ఆయన సిమ్ మూడు నెలలకు పైగా వాడకుండా ఉంటే కంపెనీ నంబరును వెనక్కి తీసుకుని వేరొకరికి ఇవ్వవచ్చు. ఆ నంబరు నుంచి పరాయి గొంతు వినిపిస్తే తట్టుకోవడం కష్టం. ఇంకా ఇంట్లోవారి చేతిలోనే ఉంటే ఏం చేయాలో వదినతో కలిసి నిర్ణయించుకోండి.

అమ్మ దగ్గర పేరు ఎత్తవద్దన్న సలహాతో నేను ఏకీభవించను. పేరు ఎత్తకపోతే ఆవిడ కొడుకును తలచుకోవడం మానేస్తుందా? ఒంటరిగా తలచుకుంటుంది, అంతే. దగ్గర కూర్చుని ఒక చిన్న ప్రశ్న అడగండి. అన్నయ్య మొదట పలికిన మాట ఏమిటి, మీరు పుట్టిన రోజున మిమ్మల్ని చూసి ఏమన్నాడు? మీరు లేని ఆ నాలుగేళ్ళ అన్నయ్య ఆవిడ దగ్గరే ఉన్నాడు. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి, మీరూ ఏడవండి. ఆయన స్నేహితులను, పక్క షాపువాళ్ళను కూడా అడిగి, విన్నవి ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఆయన కోపాలు, మీ ఇద్దరి అలకలు కూడా రాయండి. మంచి మాత్రమే రాస్తే అది మీ అన్నయ్యలా ఉండదు.

మీ వారితో ఒకసారి స్పష్టంగా మాట్లాడండి. ‘ఓదార్చనక్కరలేదు, పది నిమిషాలు వింటే చాలు’ అని చెప్పండి. ఏం చేయాలో తోచకే చాలామంది మగవాళ్ళు ‘ఎన్నాళ్ళు’ అంటారు.

ఇక భగినీ హస్త భోజనం గురించి, అంటే దీపావళి వెళ్ళిన రెండోనాడు వచ్చే కార్తీక శుద్ధ విదియ గురించి. యముడు చెల్లెలు యమున ఇంటికి వెళ్ళి ఆమె చేతి వంట తిన్న రోజని దానికి యమద్వితీయ అని పేరు. ఆ రోజును ఎవరూ లేకుండా గడపకండి. వీలైతే ముందు రోజే తణుకు వెళ్ళండి. కంద బచ్చలి కూరో, ఆయన అడిగి వడ్డించుకునేది ఏదైతే అదో వండి అమ్మకు, వదినకు, పిల్లవాడికి పెట్టండి. ఒక్క జాగ్రత్త. ‘ఇకనుంచి నువ్వే మా అన్నయ్యవు’ అని ఆ పిల్లవాడిని ఆయన పీట మీద కూర్చోబెట్టకండి. వాడు నాన్నను పోగొట్టుకున్న పదమూడేళ్ళ పిల్లవాడు. మేనత్త పెట్టిన అన్నం తిని బయటికి వెళ్ళి ఆడుకోగలగాలి.

ఏడు నెలలు నిండాయి కాబట్టి ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలులో ఉన్న తన వ్యాధుల వర్గీకరణలో, ఆరు నెలలు దాటినా ఉధృతి తగ్గక రోజువారీ జీవితం నడవనివ్వని శోకాన్ని చికిత్స అవసరమైన సమస్యగా చేర్చింది. మీరు ఉద్యోగానికి వెళ్తున్నారు, ఇంత వివరంగా ఉత్తరం రాయగలిగారు. ఇందులో నాకు ఆ లక్షణం కనిపించలేదు. అయినా నిద్ర, తిండి పూర్తిగా చెడినా, ఆయన దగ్గరికి వెళ్ళిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు.

చివరగా మీ ఉత్తరంలోని చిన్న మాట ఒకటి. షాపు మూతపడిందని రాశారు. మోటారు వైండింగ్ చేసేవాళ్ళు కాలిపోయిన తీగ విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టి, ఏ మోటారుకు ఏ గేజి తీగ, ఎన్ని చుట్లు అని ఒక పుస్తకంలో రాసుకుంటారు. వార్నిష్ మరకలతో, రైతుల పేర్లతో, అన్నయ్య చేతిరాతతో అలాంటిది అక్కడ ఉండే ఉంటుంది. సామాను అమ్మేసేలోపు వదినను అడిగి దాన్ని తీయించండి. ముందు మేనల్లుడి చేతికి ఇవ్వండి, తరువాత మీరు చూడవచ్చు.