సుజుకీ కప్లింగ్: ఏ పద్ధతి జూనియర్లకు ఇవ్వాలి?

తమ్ముడూ, సుజుకీ కప్లింగ్‌కి (పలాడియం ఉత్ప్రేరకంతో రెండు అణువుల కార్బన్లను కలిపే రియాక్షన్) నాలుగు పద్ధతులు దొరికాయి, పేపర్లో 95 శాతం ఈల్డ్ (రావాల్సిన దాంట్లో చేతికొచ్చిన వాటా) ఉన్నదే జూనియర్లకు ఇచ్చేద్దామా అని అడిగావు. తొందరపడకు. ముందు ఎంత స్కేల్లో చేశారో చూడు. 50 మిల్లీగ్రాములు రావాల్సిన చోట 3 మిల్లీగ్రాముల సాల్వెంట్ మిగిలినా ఈల్డ్ 6 శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. పేపర్‌కి జతచేసిన సప్లిమెంటరీ ఫైల్లో, ఏ పదార్థం ఉందో చూపే ప్రోటాన్ ఎన్‌ఎంఆర్ తెరువు. డ్యుటీరియేటెడ్ క్లోరోఫాంలో తీసిందైతే 4.12, 2.05, 1.26 పీపీఎం దగ్గర పీక్‌లు ఉన్నాయేమో వెతుకు. ఆ మూడూ కలిసి కనిపిస్తే అది ఇథైల్ అసిటేట్. శుద్ధి చేసే కాలమ్‌లో వాడిన సాల్వెంట్‌ను కూడా కలిపి తూచారన్నమాట.

తర్వాత పద్ధతి రాసిన తీరు చూడు. 'డీగ్యాస్ చేశాం' (ద్రావణంలోంచి ఆక్సిజన్ తీసేశాం) అని ఒక్క ముక్కతో వదిలేశారా, నైట్రోజన్ ఎన్ని నిమిషాలు పంపారో చెప్పారా? టెట్రాకిస్ అనే పలాడియం ఉత్ప్రేరకం వాడితే అది పసుపుగా ఉండాలి, నల్లబడితే పనికిరాదు. ఇది పేపర్లో లేకపోయినా నువ్వు రాయి.

'ఆర్గానిక్ సింథసీస్' అనే పద్ధతుల ప్రచురణ 1921 నుంచి వస్తోంది. అందులోని పద్ధతిని అచ్చు వేసేముందు సంపాదకవర్గంలో ఒకరి ల్యాబ్‌లో మళ్లీ చేసి చూస్తారు. నీ రియాక్షన్‌కి దగ్గరిది అక్కడ దొరికితే, ఈల్డ్ 80 అయినా నేను దాన్నే ఇస్తాను. దొరక్కపోతే నువ్వే గ్రాముల్లో రెండుసార్లు చెయ్యి. మూడోసారి నువ్వు పద్ధతి రాసిన కాగితం మాత్రం జూనియర్ చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా చూడు. ఎక్కడ ఆగి నిన్ను అడిగాడో అక్కడ ఒక వాక్యం చేర్చు.