పేరు చివర చదువు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

సంగీతకారుల సంతకాలున్న రికార్డులు, పోస్టర్లు కొనాలనుకుంటున్నానని రాశావు. చాలా సంతోషం. అసలేదో నకిలీ ఏదో ఎలా పట్టుకోవాలని అడిగావు కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. మొదట ఒక అలవాటు చేసుకో. ముందు వస్తువును చూడు, తర్వాత ఏ పెన్నుతో రాశారో చూడు, పేరు చివర చదువు. నువ్వు ప్రాణంగా అభిమానించే గాయకుడి పేరు ముందే చదివేశావంటే మనసు ‘అసలుదే’ అని తీర్పు ఇచ్చేస్తుంది. ఇక కళ్లు ఆ తీర్పుకు సాక్ష్యాలు వెతుకుతూ కూర్చుంటాయి.

ప్రతి వస్తువుకూ అది పుట్టిన కాలం ఒకటి ఉంటుంది. బ్రిటన్‌కు చెందిన నలుగురి సంగీత బృందం బీటిల్స్‌లో గాయకుడు జాన్ లెనన్ 1980 డిసెంబర్ 8న పోయాడు. సీడీలు అమ్మకానికి వచ్చింది 1982లో. లెనన్ సంతకం చేసిన సీడీ ఈ లోకంలో ఉండే అవకాశమే లేదు. అమెరికా రాక్ గాయకుడు జిమ్ మోరిసన్ పోయింది 1971 జులైలో. ఇప్పుడు మనం చూసే బార్‌కోడ్‌ను దుకాణంలో మొదటిసారి స్కాన్ చేసింది 1974లో. బార్‌కోడ్ ఉన్న అట్ట మీద మోరిసన్ సంతకం కనిపిస్తే ఆ పేరు చదవాల్సిన పని కూడా లేదు. కాకపోతే ఇంత తేలిగ్గా దొరికిపోయేవి కొన్నే. ఒకే ఆల్బమ్‌ను కంపెనీలు ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ అచ్చు వేస్తాయి, అట్ట మాత్రం ఒకేలా కనిపిస్తుంది. పాటలు అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే నున్నటి జాగాలో చెక్కిన అంకెలు, లేబుల్ రంగు, దాని మీది అక్షరాలు ఏ ముద్రణో చెప్తాయి. అయితే రికార్డును ఒక అట్టలోంచి తీసి ఇంకో అట్టలో పెట్టడం క్షణం పని. అందుకని సంతకం ఏ భాగం మీద ఉందో ఆ భాగం వయసునే తేల్చు. గిటార్ల సంగతీ అంతే. గిటార్ ముందు వైపు, తీగల పక్కన ఉండే ప్లాస్టిక్ పలక మీద సంతకం ఉంటే, ఆ పలకను తెచ్చి ఏదో మామూలు గిటార్‌కు బిగించేస్తారు.

పెన్నుకూ వయసుంటుంది. బాల్‌పెన్ అమెరికా దుకాణాల్లోకి వచ్చింది 1945 చివర్లో. చెరగని సిరా ఉండే షార్పీ మార్కర్ 1964లో. జెల్ సిరా పెన్నులు మొదట వచ్చింది 1984లో. గాయకుడు బడ్డీ హాలీ 1959 ఫిబ్రవరి 3న విమాన ప్రమాదంలో పోయాడు, గిటార్ వాద్యకారుడు జిమీ హెండ్రిక్స్ 1970 సెప్టెంబర్‌లో పోయాడు. హాలీ పేరు షార్పీతోనో, హెండ్రిక్స్ పేరు జెల్ పెన్నుతోనో ఉంటే అమ్మేవాడికి నమస్కారం పెట్టి వచ్చెయ్.

ఇక పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి కొనుక్కో. దీంతో చేసే పరీక్షల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, కొత్తవాళ్లు అసలు పట్టించుకోనిది, ముడతల దగ్గర సిరాను చూడటం. నకిలీ చేసేవాళ్లకు కొత్త అట్టతో పని లేదు, నలిగిన పాత అట్టలే కొంటారు. సంతకం మీదుగా ఒక ముడతో పగులో పోయిందనుకో. సంతకం ముందు, ముడత తర్వాత అయితే ఆ గీత పగిలి ఉంటుంది, పెచ్చుతో పాటు సిరా లేచిపోయి లోపలి తెల్ల కాగితం కనిపిస్తుంది. ముడత ముందు, సంతకం తర్వాత అయితే సిరా ఆ పగులులోకి దిగి, లోపలి పీచుల్లోకి పాకి ఉంటుంది. లోపల రికార్డు ఒరిపిడికి అట్ట మీద గుండ్రంగా పడే అరుగుదల దగ్గరా ఇలాగే చూడు. అట్ట అరిగిపోయి సిరా మాత్రం నిగనిగలాడుతుంటే ఆ సంతకం ఈ మధ్య చేసింది. అసలు సంతకమైనా ముడత పడ్డాక చేసి ఉండవచ్చు కదా అంటావు. ఉండవచ్చు. అందుకే ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకు. కానీ నలభై ఏళ్ల అరుగుదల మొత్తం సంతకం కిందే ఉంటే నేను కొనను.

అదే భూతద్దంలో గీత నిండా చిన్న చిన్న రంగు చుక్కలు కనిపిస్తే అది సంతకం కాదు, అచ్చు.

తర్వాత చేతి కదలిక. రోజూ సంతకాలు చేసే మనిషి అక్షరాలను రాయడు, ఒక్క ఊపులో విసిరేస్తాడు. పెన్ను కాగితాన్ని తాకకముందే చెయ్యి కదులుతూ ఉంటుంది కాబట్టి మొదలూ చివరా సన్నగా తేలిపోతాయి. చూసి దించేవాడు నెమ్మదిగా గీస్తాడు. మొదలూ చివరా మొద్దుగా ఉంటాయి, వంపుల్లో వణుకు ఉంటుంది, మధ్యలో ఆగినచోట సిరా చుక్కగా నిలుస్తుంది. జనంలో, నిలబడి, ఒకరి వీపు మీద పెట్టి చేసిన అసలు సంతకమూ వంకర పోతుంది. కానీ అందులో వేగం ఉంటుంది. నువ్వు వెతకాల్సింది అందాన్ని కాదు, వేగాన్ని. పోల్చేటప్పుడు రెంటినీ తలకిందులుగా పెట్టు, అప్పుడు పేరు మాయమై గీతలే మిగులుతాయి. పోల్చడానికి అదే కాలం నాటి సంతకాలు తీసుకో, మనిషి చెయ్యి ఏళ్లతో మారుతుంది. ఒక సంతకం మరో అసలు సంతకం మీద అచ్చంగా సరిపోయిందా, సంతోషించకు. ఎవరూ రెండుసార్లు ఒకేలా సంతకం చేయరు. అది అద్ది గీసిందైనా కావాలి, ఆటోపెన్ అనే యంత్రం చేసిందైనా కావాలి. 2022లో అమెరికా గాయకుడు బాబ్ డిలాన్ పుస్తకం 900 ప్రతులు, ఆయన స్వయంగా సంతకం చేశారని, ఒక్కోటి 599 డాలర్లకు అమ్మారు. కొన్నవాళ్లు ఒకరి ప్రతితో ఒకరు పోల్చుకుని యంత్రం పనేనని పట్టేశారు. ప్రచురణకర్తలు డబ్బు వెనక్కిచ్చారు, డిలాన్ క్షమాపణ చెప్పాడు.

చెయ్యి వేగంగానే ఉన్నా ఆ చెయ్యి వేరేవాళ్లది కావచ్చు. బీటిల్స్ కోసం వాళ్ల సహాయకులు నీల్ ఆస్పినాల్, మాల్ ఎవన్స్ నలుగురి పేర్లూ రాసిచ్చేవాళ్లు. అవి ఆ కాలం కాగితం మీద, ఆ కాలం సిరాతో, తడబాటు లేకుండా ఉంటాయి. నాలుగు సంతకాల్లోనూ ఒకే వాలు, ఒకే ఒత్తిడి కనిపిస్తే అనుమానించు.

అమ్మేవాడు చెప్పే కథను తేదీలతో సరిచూడు. బీటిల్స్ టిక్కెట్టు పెట్టి చేసిన చివరి కచేరీ 1966 ఆగస్టు 29న, శాన్‌ఫ్రాన్సిస్కోలో. 1967లో కచేరీ అయ్యాక నలుగురి దగ్గరా తీసుకున్నామని ఎవరైనా చెప్తే కథ అక్కడితో సరి.

ధ్రువపత్రం చూసి మాత్రం మెత్తబడకు. 1999లో అమెరికా ఎఫ్‌బీఐ ‘ఆపరేషన్ బుల్‌పెన్’లో పట్టుకున్న ముఠా ఎక్కువగా ఆటగాళ్ల సంతకాలు తయారుచేసేది, వాటితో పాటే ధ్రువపత్రాలూ ఇచ్చేది. అమ్మేవాడు తనకు తాను రాసుకున్న పత్రానికి విలువ లేదు. బయటి సంస్థ ఇచ్చినదైతే దాని నంబరును ఆ సంస్థ దగ్గరే సరిచూసి, అక్కడి ఫొటోలోని సంతకం నీ చేతిలోదేనా చూడు. అప్పటికీ అది ఒక అభిప్రాయమే. ఆ ఒక్క కళాకారుడి సంతకాలనే ఏళ్లుగా చూస్తున్న నిపుణుడి మాటకు నేను ఎక్కువ విలువిస్తాను.

డబ్బు కట్టేముందు రాతపూర్వకంగా ఒక మాట తీసుకో. నువ్వు ఎంచుకున్న నిపుణుడు కాదంటే మొత్తం వెనక్కిస్తానని, అందుకు సరిపడా గడువు ఇస్తానని రాయమను. రాయడానికి వెనకాడితే వస్తువు ఎంత బాగున్నా వదిలెయ్.

మీ పెదనాన్న