ప్రార్థనలో కన్నీళ్లు రాకపోతే వెనకబడినట్టా?

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 47 ఏళ్లు. పెళ్లయిన నాటి నుంచి రోజూ జపమాల చెప్పుకుంటాను, ఆదివారం చర్చిలో పూజ తప్పను. ఒకప్పుడు ప్రార్థనకు కూర్చుంటే మనసు నిండి కన్నీళ్లు వచ్చేవి. ఏడాదిగా ఏమీ లేదు. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకు వెళ్లినా, మంచాన ఉన్న అత్తగారికి ఇంట్లో మందులు వేశారో లేదో అన్న ఆలోచనే. మొన్న రాత్రి ఆవిడ పిలిస్తే జపమాల సగంలో వదిలి లేచాను. జావ పక్క మీద ఒలికింది. అంతా శుభ్రం చేశాక మళ్లీ కూర్చునే ఓపిక లేకపోయింది. ఆవిడ మాత్రం ‘ఈమధ్య నన్ను కసరడం మానేశావే’ అన్నారు. నా స్నేహితురాలికి దర్శనాలు వస్తాయట. నా విశ్వాసం చల్లారిందని, ప్రతి శుక్రవారం తనతో పొరుగూరి ఉపవాస ప్రార్థనలకు రమ్మని అంటోంది. ఖర్చుల దగ్గర మాటామాటా వచ్చి, విజయవాడలో ఉన్న తోటికోడలితో మూడేళ్లుగా మాటల్లేవు. అది వేరే సంగతి లెండి. నేను దేవుడికి దూరమవుతున్నానా?

జవాబు: అమ్మా, ఆ రాత్రి జపమాల వదిలి లేచినందుకు మీరు పాపసంకీర్తనంలో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, చెప్పుకోవలసింది ఏమీ లేదు. స్పెయిన్ దేశపు సన్యాసిని, పునీత ఆవిలాపురి తెరేజమ్మ 1577లో తన కార్మెల్ మఠ కన్యలకు రాస్తూ ఈ సంగతే చెప్పారు. జబ్బుపడిన మనిషికి కాస్త ఊరట ఇవ్వగలిగినప్పుడు, భక్తిలోని మాధుర్యం పోతుందేమోనని చూడకుండా లేచి వెళ్లమన్నారు. ప్రార్థన లోతులు చూసిన మనిషి ఆవిడ. దేవుణ్ణి ప్రేమిస్తున్నామో లేదో మనకు కచ్చితంగా తెలియకపోవచ్చు గానీ, పొరుగువారిని ప్రేమిస్తున్నామో లేదో తెలిసిపోతుందని కూడా ఆవిడే అన్నారు.

మీ అత్తగారికి తెలిసింది. మీరు ఆ మాటను ఏదో మామూలు కబురులా రాసి వదిలేశారు. నాకైతే ఉత్తరం మొత్తంలో అదే ముఖ్యం. గలతీయులకు రాసిన లేఖలో పౌలుగారు చెప్పిన ఆత్మ ఫలాలను ఒకసారి చూడండి. ప్రేమ, ఆనందం, శాంతి, సహనం, దయ, సాధుత్వం, నిగ్రహం... వాటిలో కన్నీళ్లు లేవు, దర్శనాలు లేవు. సహనం ఉందో లేదో కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు ఎలా తెలుస్తుంది? అర్ధరాత్రి దుప్పటి మార్చవలసి వచ్చినప్పుడు తెలుస్తుంది. అదీ మనకంటే ముందు, మనతో ఒకే ఇంట్లో ఉన్నవారికి తెలుస్తుంది.

అలాగని ప్రార్థనలో వచ్చే పొడితనమంతా మంచికేనని చెప్పను. మంచికే వచ్చే పొడితనానికి, తెరేజమ్మ కాలంనాటి కార్మెల్ సన్యాసి పునీత సిలువ యోహానుగారు మూడు గుర్తులు చెప్పారు. ప్రార్థనలో రుచి లేకపోవడంతోపాటు మిగతా లోకవిషయాల్లోనూ రుచి ఉండదు. దేవుణ్ణి సరిగా సేవించడం లేదేమోనన్న బెంగ మాత్రం వదలదు. మునుపటిలా ధ్యానించబోతే సాగదు. ఈ మూడూ కలిసి ఉంటే భయపడనక్కర్లేదు. జపమాల పట్టుకుంటే బరువుగా ఉండి, ఫోను పట్టుకుంటే గంటలు తెలియకుండా పోతుంటే మాత్రం అది వేరు, దాన్ని అశ్రద్ధ అనాలి. మీకు బెంగ ఉంది కాబట్టే ఈ ఉత్తరం రాశారు. ఇంకో మాట. మనసు కుంగినా అన్నిటి మీదా ఆసక్తి పోతుందని యోహానుగారికీ తెలుసు. మీ వయసులో, రాత్రిళ్లు సరైన నిద్ర లేకుండా మంచానపడ్డ మనిషిని చూసుకుంటున్నారు. ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. వారంలో రెండు రాత్రులైనా అత్తగారి పని మీ ఇంటాయనను చూడమనండి. ఆవిడ ఆయన కన్నతల్లి.

మీ స్నేహితురాలి అనుభవాలను నేను తప్పుపట్టను. కానీ దర్శనాలను కోరుకోవద్దని, వాటిని పట్టుకుని వేలాడవద్దని యోహానుగారు గట్టిగా హెచ్చరించారు. వాటితో మిమ్మల్ని మీరు కొలుచుకోకండి. మనసు బాగాలేని రోజుల్లో, బాగున్నప్పుడు చేసుకున్న నిర్ణయాలను మార్చవద్దన్నది యేసుసభను స్థాపించిన పునీత ఇగ్నేషియస్ లొయోలా పెట్టిన నియమం. కాబట్టి జపమాల మానవద్దు, కొత్తగా శుక్రవారాల ప్రయాణాలూ పెట్టుకోవద్దు. పైగా ఆ రోజు అత్తగారికి మందులు ఎవరు వేస్తారు? మీ విచారణ గురువులకు, అంటే మీ చర్చి ఫాదరుగారికి, ఇదంతా చెప్పండి. ప్రతి నెలా ఆయన దగ్గరే పాపసంకీర్తనం చేసుకుంటే, మీరు ఎక్కడ ఎదుగుతున్నారో, ఎక్కడ ఆగిపోయారో ఆయనకు అర్థమవుతుంది.

ఆగిపోయిన చోటు నాకు ఒకటి కనిపిస్తోంది. తోటికోడలి సంగతి వేరే అన్నారు. వేరే కాదమ్మా. బలిపీఠం దగ్గరకు వచ్చాక తోబుట్టువుకు మన మీద ఏదైనా మనస్తాపం ఉందని గుర్తొస్తే, కానుకను అక్కడే విడిచి ముందు సఖ్యపడి రమ్మని ప్రభువే చెప్పారు. ఏడాదిగా ఆగిన కన్నీళ్ల కోసం బాధపడుతున్నారు, మూడేళ్లుగా ఆగిన మాటల గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఈస్టరుకు ముందు వచ్చే ఈ తపస్సుకాలం ముగిసేలోపు ఆమెకు ఫోను చేయండి. ఎవరిది తప్పో తేల్చవద్దు, డబ్బు లెక్క అసలే ఎత్తవద్దు. అత్తగారి ఆరోగ్యం ఎలా ఉందో చెప్పి, చూడటానికి రమ్మనండి. ఆమె ముభావంగా మాట్లాడి పెట్టేస్తే, ఈస్టరు పండుగకు మళ్లీ చేయండి.