పాత డిస్కులు అమ్మే ముందు, పాపా

కడప

పాపా,

మీ చిన్నాన్న ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. మోకాళ్ల నొప్పులు, శనక్కాయల రేటు, ఊళ్లో పెళ్లి కబుర్లు అన్నీ అయ్యాక, ఇక పెట్టేస్తాడనగా "పాప పెద్ద టీవీ కొనిందంట. ఇంట్లో డీవీడీలన్నీ అమ్మేసి ఏవో బ్లూరేలు, 4కేలు కొంటానంటాంది" అన్నాడు. నువ్వేమన్నావని అడిగితే "నాదేముంది, దాని ఇష్టం" అని పెట్టేశాడు. "నాదేముంది" అనే మాట ఆయన నోట నేను ఇంతకుముందు ఒక్కసారి విన్నాను. అదెప్పుడో తర్వాత చెప్తాను. ఫోన్లో అయితే నువ్వు "సరే చిన్నాన్నా, సరే చిన్నాన్నా" అంటావు, నేను సగం మరిచిపోతాను. అందుకే కాగితం పట్టుకున్నా.

ముందు నా సంతోషం చెప్పుకోనీ. యాభై ఐదు అంగుళాల టీవీ సొంత జీతంతో కొన్నావని విని మీ చిన్నమ్మ నీకు దిష్టి తీయాలంటోంది. ఏడు రోడ్ల దగ్గర నా వీడియో లైబ్రరీ ఉన్నప్పుడు నిన్ను కౌంటర్ మీద కూర్చోబెట్టేవాణ్ని. నీకింకా అ ఆలు రావు. క్యాసెట్ అట్ట చూపిస్తే చాలు, సినిమా పేరు చెప్పేదానివి. ఒక అట్టలో ఇంకో క్యాసెట్ పెడితే ఊరుకునేదానివి కాదు. ఆ పిల్ల ఇప్పుడు సినిమాను మంచి ప్రింటులో చూడాలని తపన పడుతోందంటే నాకెంత బాగుందో.

ఇక విషయానికొస్తా. డీవీడీ కన్నా స్పష్టమైన బొమ్మ బ్లూరే డిస్కుది, దానికన్నా స్పష్టమైనది 4కేది, అంతే కదా. డిస్కులు తర్వాత, ముందు ప్లేయర్ కొను. కొంటే 4కే ప్లేయరే కొను. అందులో బ్లూరే ఆడుతుంది, మీ నాన్న డీవీడీలూ ఆడతాయి. డీవీడీ బొమ్మను అదే పెద్ద తెరకు తగినట్టు సర్ది చూపిస్తుంది. అలా పదీ పదిహేను సినిమాలు చూశావంటే వాటిలో సగానికి కొత్త డిస్కు అక్కర్లేదని నీకే తెలుస్తుంది. అమెరికాలో ఉన్న స్నేహితురాలితో తెప్పించుకుంటావేమో, ఒక మాట గుర్తుపెట్టుకో. బ్లూరేలను దేశాలవారీగా రీజియన్లుగా విడగొట్టారు, మన దేశానిది సి రీజియన్, అమెరికాది ఎ. అక్కడి డిస్కు ఇక్కడి ప్లేయర్లో ఆడకపోవచ్చు. 4కే డిస్కులకు ఆ గొడవ లేదు.

ప్లేయర్ ముందు అనడానికి ఇంకో కారణం ఉంది. మన చేతిలో ఉన్న మిషన్ ఎల్లకాలం బజార్లో దొరుకుతుందనుకుంటాం. ఓప్పో కంపెనీ 2018లో ఈ ప్లేయర్లు మానేసింది. మనం రాసుకునే ఖాళీ బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. క్యాసెట్లు ఆడించే వీసీఆర్లయితే చివరిదాకా చేసింది జపాన్ కంపెనీ ఫునాయ్ ఒక్కటే, 2016 జులైలో అదీ ఆపేసింది. నా దగ్గర అలాంటిదే వీసీపీ ఒకటి ఇంకా ఉంది. టేపు చదివే హెడ్డు పోయింది, వేయడానికి కొత్త హెడ్డు ఎక్కడా దొరకలేదు. కాబట్టి మంచిది దొరుకుతున్నప్పుడే తీసుకో.

తర్వాత టేపు తీసుకుని సోఫాకూ టీవీకీ మధ్య ఎంత దూరముందో కొలువు. డీవీడీలో బొమ్మ 720 చుక్కల వెడల్పు, 576 ఎత్తు. బ్లూరేలో 1920, 1080. 4కేలో 3840, 2160. అంకెలు చూస్తే ప్రతిసారీ పెద్ద తేడానే. కంటికి మాత్రం అలా కాదు. నీ టీవీ సైజుకు పది అడుగుల దూరం నుంచి కూడా డీవీడీకీ బ్లూరేకీ తేడా తెలుస్తుంది. బ్లూరేకీ 4కేకీ మధ్య మాత్రం ఏడడుగులు దాటితే సన్నటి వివరాల్లో తేడా కన్ను పట్టుకోలేదు. వెలుగునీడలు, రంగుల లోతు బాగుంటాయి, అది నిజమే. రాత్రి సీన్లు, దీపాల వెలుగులో తీసినవి చూస్తే నీకే తెలుస్తుంది. అలాంటి నాలుగు సినిమాలకు 4కే కొను. మిగతావాటికి బ్లూరే చాలు, డబ్బు మిగుల్చుకో.

ముందు మార్చాల్సినవి నాకు కంఠతా వచ్చు. మీ నాన్న దగ్గర 'మూడు సినిమాలు ఒకే డీవీడీ' రకం ఒక వరుస ఉంది. డీవీడీలో పట్టేది ఒక పొరయితే 4.7 జీబీ, రెండు పొరలైతే 8.5. అందులో రెండున్నర గంటల సినిమాలు మూడు కుక్కితే ముఖాలు మైనం బొమ్మల్లా ఉండక ఏమవుతాయి? అవి మార్చు. కానీ మన పాత తెలుగు సినిమాల్లో చాలావాటికి డీవీడీ తర్వాత ఇంకేమీ రాలేదు. బి.ఎన్.రెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములు మన జిల్లావాళ్లు, కె.వి.రెడ్డి తాడిపత్రి ఆయన. వాళ్ల సినిమాల కోసమే మీ నాన్న ఆ బీరువా చేయించాడు. కొత్తగా వచ్చినవాటిలోనూ రెండు రకాలు. 35 ఎంఎం ఫిల్ము మీద తీసిన సినిమాను నెగటివ్ నుంచి కొత్తగా స్కాన్ చేస్తే డీవీడీలో ఎప్పుడూ చూడని బట్టల నేత కూడా కనిపిస్తుంది. పాత వీడియో టేపులోని బొమ్మనే సాగదీసి పెద్ద డిస్కులో పోస్తే పెట్టె మాత్రమే కొత్తది. కొనే ముందు ఎవరి దగ్గరైనా పది నిమిషాలు ఆడించి చూడు.

2007లో డిస్కుల కంపెనీ మోజర్ బేర్ వాళ్లు వీసీడీ 28కి, డీవీడీ 34కి పెట్టినప్పుడు మీ నాన్న జీతం వచ్చిన రోజు నాలుగేసి తెచ్చుకునేవాడు. ఆ ఏడే నా షాపు మూశాను. 34 రూపాయలకు సినిమా సొంతమవుతుంటే అద్దెకు ఎవరొస్తారు? ఆయన మాత్రం ప్రతి డీవీడీ మొదట నా దగ్గరికే తెచ్చి "ఆడుతుందేమో చూడరా" అనేవాడు. ఆయన ఇంట్లో ప్లేయర్ లేక కాదు. షాపు పోయి నేను దిగులుగా ఉన్నానని.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు.

1992లో మన ఊరి తిరునాళ్లలో మీ జేజినాయన హరిశ్చంద్ర వేషం కట్టినాడు. సురభి నాటకాలు 1885లో పుట్టింది ఈ జిల్లాలోనే కదా, ఆ కాలంలో ఊరికొక నాటకం ఉండేది. పగలు శనక్కాయ చేన్లో కలుపు తీయించి, రాత్రి పద్యం అందుకునేవాడు. అప్పటికే అరవై దాటినాయి. నేను కెమెరా అద్దెకు తెచ్చి మూడు గంటల నాటకం మొత్తం తీయించాను. కాటి సీనులో భుజాన నల్ల కంబళి, చేతిలో కట్టె. ట్యూబ్‌లైటు చుట్టూ పురుగులు. పద్యం అయ్యీకాకముందే జనం "వన్స్ మోర్" అని అరిచినారు. ఆయన కంబళి కొసతో నుదురు తుడుచుకుని, హార్మోనియం ఆయన వైపు తిరిగి, ఇంకొంచెం పైశృతి ఇమ్మన్నట్టు గడ్డం ఎత్తాడు. మళ్లీ అందుకున్నాడు. నువ్వు పుట్టడానికి ఏడాది ముందు పోయాడు. నువ్వు ఆయన్ని చూడలేదు.

2001లో బుగ్గవంక పొంగింది. అప్పుడు మేం వంకకు దగ్గర్లో ఉండేవాళ్లం. ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చినాయి. కింది అర క్యాసెట్లన్నీ బురదలో నానిపోయాయి. నాటకం క్యాసెట్ పై అరలో ఉండి బతికింది. మిద్దె మీద నవారు మంచాలు వేసి మిగతావి ఆరబెట్టాను, నెల తిరక్కుండానే టేపులకు తెల్లటి బూజు పట్టింది. అది చూసి నా గుండె జారిపోయింది. టేపంటేనే భయం పట్టుకుంది. టౌన్లో ఒకాయన "ఇక టేపుల కాలం అయిపోయిందన్నా, డిస్కులో వేయించుకుంటే వందేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. నలభై క్యాసెట్లు వీసీడీల్లోకి ఎక్కించాను. వీసీడీలో పట్టేది గంటా పావు, కాబట్టి నాటకం మూడు డిస్కులైంది. ఇంటికి తెచ్చి మొదటిది ఐదు నిమిషాలు చూశాను. బాగుంది. ఆ వారమే పాత సామాన్ల బండివాడు వస్తే క్యాసెట్లన్నీ గోతంలో పోసి ఇచ్చేశాను. రెండు ప్లాస్టిక్ బిందెలు ఇచ్చాడు.

డిస్కులు కలిసిపోకుండా తెల్ల కాగితం మీద 'నాయన, హరిశ్చంద్ర' అని రాసి, నంబరు వేసి, ఒక్కోదానిమీద బంకతో అతికించాను. అదే నేను చేసింది. 2006 ఎండాకాలంలో నాయన సంవత్సరీకానికి అందరికీ చూపిద్దామని తీశాను. రెండో డిస్కు మీద కాగితం కొస లేచి ఉంది. మురికిగా ఉందని, కొత్తది అతికిద్దామని పట్టి లాగాను. కాగితంతోపాటు వెండి పొర లేచొచ్చింది. డిస్కును కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే మధ్యలో బొటనవేలు పట్టేంత గాజులాగా ఉంది. అందులోంచి మా పెరటి వేపచెట్టు ఆకులు కనిపించాయి. కాటి సీను ఉన్నది ఆ డిస్కులోనే.

వీసీడీ అయినా మామూలు సీడీ అయినా బొమ్మ, పాట దాగుండే రాత కింది వైపు ఉంటుందనుకుంటాం, దాన్నే అపురూపంగా చూసుకుంటాం. అది ఉండేది పేరు రాసే వైపు, సన్నటి లక్క పొర కింద. డీవీడీలో 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండింటి మధ్య ఉంటుంది కాబట్టి కాస్త నయం. బ్లూరేలో కింది వైపు 0.1 మిల్లీమీటర్ లోతులోనే ఉంటుంది. పైన గట్టి పూత వేస్తారు, అయినా గరుకు గుడ్డ తాకనీకు. దేనిమీదా కాగితం అతికించకు. తుడిస్తే మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడువు, గుండ్రంగా కాదు. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవి.

మీ నాన్నకు చెప్పడానికి వారం పట్టింది. విని చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "పోనీలేరా, నాదేముంది" అన్నాడు. అప్పటి నుంచి నాటకం మాట ఎత్తలేదు. ఆ బిందెల్లో ఒకటి ఇంకా మా ఇంట్లో ఉంది. పారేద్దామంటే మీ చిన్నమ్మకు అర్థం కాదు, బాగానే ఉంది కదా అంటుంది.

అర్థమైందా, నాకెందుకింత ఆత్రమో? కొత్తవి కొనొద్దని అనడం లేదు. కొను, బాగా చూడు. కానీ 'అన్నీ అమ్మేస్తా' అనే మాట నీ నోట రాకూడదు, పాపా. చదువుకున్నదానివి, ఆ బీరువాలో ఏముందో ఒక్కసారైనా తెరిచి చూశావా? సినిమాల మధ్యలోనే మీ అక్క పెళ్లి డీవీడీలు, నీ ఓణీల ఫంక్షను, మీ అమ్మ వాళ్ల ఊరి గృహప్రవేశం ఉన్నాయి. సినిమా ఎప్పుడైనా ఎక్కడైనా మళ్లీ కొంటావు. ఇవి ఖాళీ డిస్కుల మీద ఒక్కొక్కటిగా రాయించినవి, ఎండకూ వేడికీ ఆ రాతను నిలిపే రంగు పొర చచ్చిపోతుంది. మన ఊరి ఎండలు నీకు తెలియనివా? మొదట వాటినే కాపీ చెయ్, రెండు హార్డ్ డిస్కుల్లో, ఒకటి బెంగళూరులో, ఒకటి ఇక్కడ. కాపీ అయ్యాక చివరిదాకా చూడు. ఐదు నిమిషాలు కాదు, చివరిదాకా. చూశాక కూడా అసలుది పారేయకు.

సినిమాలైనా అంతే. కొత్తది వచ్చి, పూర్తిగా ఆడి, పాటలన్నీ ఉన్నాయని చూసుకున్నాకే పాతదాని సంగతి ఆలోచించు. ఇచ్చేముందు "నాన్నా, ఇది ఇచ్చేయనా" అని ఒక్కో డిస్కూ చేతికిచ్చి అడుగు. చేతిలోకి వస్తేనే ఆయన నోరు విప్పుతాడు.

కోప్పడ్డానని బాధపడకు. నాటకం మొదటి డిస్కు ఇంకా ఆడుతోంది, నక్షత్రకుడు వచ్చేదాకా ఉంది. నా ప్లేయర్ ట్రే ఒక్కోసారి ఇరుక్కుంటోంది, అందుకే రెండేళ్లుగా అందులో పెట్టడం లేదు. ఇక్కడ ఎవరికీ ఇవ్వను, కొరియర్లో పంపను. సంక్రాంతికి వచ్చేటప్పుడు హార్డ్ డిస్కు తెచ్చుకో, నీ చేతికిస్తాను. జేజినాయనను అందులోనైనా చూద్దువు.

ఇంకో మాట. మొన్న మీ ఇంటికి వెళ్లినప్పుడు చూశాను, బీరువాలో జాగా చాలక మీ అమ్మ రెండు అట్టపెట్టెల డీవీడీలు మంచం కింద నేల మీద పెట్టింది. వానలు పడుతున్నాయి. ఈరోజే ఫోన్ చేసి వాటిని పైకి పెట్టించు. అటక మీద వద్దు, వేడి. బీరువా పక్కన బల్ల మీద పెట్టమను.

మీ చిన్నాన్న