పోస్ట్‌డాక్‌కు వెళ్లాలి, అప్పు చేయాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఏడు నెలల్లో థీసిస్ ఇస్తాను. అమెరికాలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) కోసం ప్రయత్నించాలనుకుంటున్నాను. దాచుకున్నది 4 లక్షలు. ఇంటికి నెలకు 12 వేలు పంపాలి. వెళ్లే ఖర్చులకు పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: లోన్ వద్దమ్మా. 4 లక్షలు చిన్న మొత్తం కాదు. మీరు అమెరికా చేరకముందే అది ఇక్కడ కరిగిపోకుండా చూసుకోవాలి.

థీసిస్ ఇచ్చిన రోజు నుంచి అక్కడి మొదటి జీతం దాకా ఉన్న ఖాళీయే మీకు అసలు గండం. ఫెలోషిప్ ఆగిపోతుంది. వైవా తేదీ మన చేతిలో ఉండదు, వీసా తేదీ అసలే ఉండదు. ఇంటికి 12 వేలు, మీకు 20 వేలు అనుకున్నా ఆరు నెలలకు 1.92 లక్షలు. అందుకే థీసిస్ అయ్యాక చూద్దాం అనుకోకుండా ప్రొఫెసర్లకు ఇప్పుడే మెయిళ్లు రాయడం మొదలుపెట్టండి. ఖాళీ నెలల్లో ప్రాజెక్టులో రీసెర్చ్ అసోసియేట్‌గా తీసుకోగలరేమో మీ గైడ్‌ను అడగండి. కేంద్ర ప్రభుత్వ ప్రాజెక్టుల్లో ఆ ఉద్యోగం మొదటి మెట్టుకు 2023 నుంచి నెలకు 58,000, పైన హెచ్‌ఆర్‌ఏ.

మెయిల్ రాసే ముందు ఆ ప్రొఫెసర్ పేరును ఎన్‌ఐహెచ్ రిపోర్టర్‌లో వెతకండి. ఎన్‌ఐహెచ్ అంటే వైద్య పరిశోధనలకు గ్రాంట్లు, అంటే నిధులు, ఇచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ; రిపోర్టర్ ఆ గ్రాంట్ల వివరాలుండే దాని వెబ్‌సైట్. ఏ గ్రాంట్ ఉంది, ఏ తేదీన ముగుస్తుంది, అన్నీ అక్కడే కనిపిస్తాయి. ఒకమ్మాయి ఆఫర్ లెటర్ ప్రింట్ తీసుకుని సంతోషంగా నా దగ్గరికి వచ్చింది. ‘ఒక ఏడాది, నిధులను బట్టి పొడిగింపు’ అని ఉంది. చూస్తే ఆ ల్యాబ్ గ్రాంట్‌కు మిగిలింది పది నెలలే. 2025లో ఎన్‌ఐహెచ్ గ్రాంట్లు ఎన్నో మధ్యలోనే ఆగిపోయాయి కాబట్టి, ‘నా జీతం ఏ గ్రాంట్ నుంచి, ఎన్నాళ్లు?’ అని ఇంటర్వ్యూలోనే అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు.

ఎన్‌ఐహెచ్ 2025 లెక్కలో కొత్త పోస్ట్‌డాక్‌కు ఏడాదికి 62,232 డాలర్లు, అంటే పన్నుకు ముందు నెలకు 5,186. చాలా విశ్వవిద్యాలయాలు దీన్నే కొలమానంగా పెట్టుకుంటాయి. దాన్ని రూపాయల్లోకి మార్చి మురిసిపోకండి, అద్దె కూడా డాలర్లలోనే కట్టాలి. జే-1 (పరిశోధకులు, విద్యార్థులు ఎక్స్ఛేంజ్ కింద వెళ్లే వీసా) మీద వెళ్తే భారత్-అమెరికా పన్ను ఒప్పందం 22వ అధికరణం కింద పరిశోధన జీతానికి ఫెడరల్ పన్ను మినహాయింపు దొరకవచ్చు. అది రెండేళ్లకు మించని రాకకే. మూడేళ్ల ఆఫర్ అయితే ఆ మినహాయింపు లేదనుకునే లెక్క వేసుకోండి.

జే-1 వీసా ఫీజు, సెవిస్ (విదేశీ విద్యార్థులు, పరిశోధకుల వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు కలిపి 2025లో 405 డాలర్లు ఉండేవి. టికెట్, ఇంటి అడ్వాన్సు, మొదటి నెల తిండి పెద్ద ఖర్చులు. సంతకం పెట్టేముందే రీలొకేషన్ (అక్కడికి మారే ఖర్చుల) డబ్బు ఇస్తారా, బిల్లులు చూపాక ఇస్తారా, ముందే ఇస్తారా అని అడగండి.

అమెరికా ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. యూరప్‌లో పోస్ట్‌డాక్‌లకిచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్ దరఖాస్తు గడువు ఏటా సెప్టెంబర్‌లో వస్తుంది. మన దగ్గరే హైదరాబాద్ కేంద్రంగా, పరిశోధకులకు ఫెలోషిప్‌లు ఇచ్చే ఇండియా అలయన్స్ ఉంది.

ఈలోగా 72 వేలు అమ్మ ఖాతాలో విడిగా వేసి ఉంచండి. మీ మొదటి జీతం ఆలస్యమైనా ఇంటికి ఆరు నెలలు ఇబ్బంది ఉండదు.