116: పాతికో కవరు దగ్గర తేలిన లెక్క

“116కి గణితంలో ఏమైనా ప్రత్యేకత ఉందా, లేక దాని గొప్పంతా చదివింపులకేనా?” అని అడిగారు. ఉంది. నాకు అది మొదట తెలిసింది కూడా పెళ్లిపందిట్లోనే.

తణుకులో మా పిన్ని కూతురి పెళ్లికి చదివింపులు రాసే పని నా మెడకు చుట్టారు. పక్కన బాబాయి కవర్లు చింపి డబ్బు లెక్కపెట్టడం, నేను పుస్తకంలో పేరు, ఊరు, కవరు మీది అంకె వేయడం. పేజీకి ఇరవై ఐదు వరుసలు. వచ్చినవన్నీ 116, 516, 1116లే. రెండో పేజీ కూడినప్పుడు గమనించాను, ఏవి ఎన్ని వచ్చినా పేజీ మొత్తం చివర రెండు సున్నాలే పడుతున్నాయి. కారణం చిన్నదే. వందలు పక్కన పెడితే ప్రతి కవరులోనూ మిగిలేది 16. పాతిక పదహార్లు 400.

నాలుగో పేజీ దగ్గర బాబాయి లెక్క 84తో ఆగింది. “ఎవరిదో పదహారు తగ్గింది బాబాయ్, వందలు వెతక్కు” అన్నాను. “నువ్వు చూశావేంట్రా?” అని కసురుకుంటూనే చింపి పడేసిన కవర్లు తడిమాడు. ఒకదాని అడుగున మడతపెట్టిన పది నోటు, ఆ మడతలో ఆరు రూపాయల చిల్లర!

ఇక అసలు 116 సంగతి. అది 4 × 29. 29 ప్రధాన సంఖ్య, పైగా 4తో భాగిస్తే 1 మిగిలే రకం. అలాంటి ప్రధాన సంఖ్యలన్నిటినీ రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు: 29 = 25 + 4. దాన్ని నాలుగింతలు చేస్తే 100 + 16. అంటే “నూట పదహారు” అన్నప్పుడల్లా మనం పది వర్గాన్నీ నాలుగు వర్గాన్నీ వరసగా పలికేస్తున్నాం. 116ని రెండు వర్గాలుగా విడగొట్టడానికి ఇంకో దారి కూడా లేదు. నాకు బాగా నచ్చింది ఇదే.

1116 మాత్రం మొండిది. దానికి రెండు వర్గాలు చాలవు, మూడూ చాలవు. 4తో భాగిస్తే 279, దాన్ని 8తో భాగిస్తే శేషం 7. ఈ బాపతు సంఖ్యలకి మూడు వర్గాలు సరిపోవు. ఏ సంఖ్యకైనా నాలుగు చాలని గణితవేత్త లగ్రాంజ్ 1770లో నిరూపించాడు. 1116కి ఆ నాలుగూ కావాల్సిందే: 1089 + 25 + 1 + 1.

ఇంకోటి. 1 నుంచి 116 దాకా అన్నీ గుణించి, వచ్చినదానికి 1 కలపండి. 191 అంకెల ప్రధాన సంఖ్య వస్తుంది. దాని చివర 26 సున్నాలు, ఆ తర్వాత ఒకే ఒక్క 1. ఇలా కుదరడం అరుదు. 116కి ముందు 77 దగ్గర కుదిరింది, మళ్లీ 154 దాకా లేదు. వందకి ఒకటి కలిపి 101 ఇచ్చేవాళ్లున్నారు కదా, మన 116కి ఒకటి కలపాలంటే ఇలా కలపాలన్నమాట. ఊరికే కలిపితే 117, అంటే 9 × 13. అందులో విశేషమేమీ లేదు.

వంద బ్రిటిష్ రూపాయలకి 116 పైచిలుకు హాలీ రూపాయలు (నిజాం రాజ్యపు నాణేలు) వచ్చేవని, 116 చదివింపు అలా పుట్టిందని చెప్పే కథ మీరు వినే ఉంటారు. అందులో 7/6 నిష్పత్తి తప్ప గణితమేం లేదు. 1116 అంకెలు కలిపితే 9 వస్తుంది కాబట్టి శుభం అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. 116 అంకెలు కలిపితే 8. మరి దాని సంగతేంటో ఆ మెసేజ్ పెట్టినవాళ్లనే అడగండి.