బిల్లు 69 వేలే, లిమిట్ లక్ష... మరి ఓవర్‌లిమిట్ ఫీజు ఎక్కడిది?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. నా క్రెడిట్ కార్డు లిమిట్ లక్ష రూపాయలు. బిల్లు ఏ నెలకానెల పూర్తిగా కట్టేస్తాను, ఇంతవరకు బాకీ పెట్టింది లేదు. ఈ నెల బిల్లు దాదాపు 69 వేలు వచ్చింది. అందులో ఓవర్‌లిమిట్ ఫీజు అని 600, దాని మీద జీఎస్టీ 108 వేశారు. లక్ష లిమిట్‌లో 69 వేలు వాడితే దాటినట్టు ఎలా అవుతుంది? ఈ డబ్బు వెనక్కి వస్తుందా? వచ్చే ఏడాది ఇంటి లోన్‌కి వెళ్దామనుకుంటున్నాం, దానికేమైనా ఇబ్బందా? స్టేట్‌మెంట్ జత చేశాను.

జవాబు: మీరు చూస్తున్నది బిల్లు. బ్యాంకు చూసేది వాడేసిన లిమిట్. ఈ రెండూ ఒకటి కావు, మీ విషయంలో తేడా తెచ్చింది ఈఎంఐ.

ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కలిపి 54 వేలకు 9 నెలల ఈఎంఐ పెట్టుకున్నారు. నెలకు 6 వేల చొప్పున బిల్లులో పడుతుంది కానీ, కొన్న రోజే బ్యాంకు 54 వేలూ లిమిట్‌లోంచి పట్టేస్తుంది. కట్టినకొద్దీ ఆ మేరకే వదులుతుంది. మీరు రెండు వాయిదాలు కట్టారు కాబట్టి ఇంకా 42 వేలు బిగిసి ఉన్నాయి. అంటే నెల మొదట్లో మీ చేతిలో ఉన్నది లక్ష కాదు, 58 వేలు. సరుకులు, పెట్రోలు, కరెంటు బిల్లు కలిపి మీరు 20,300 వాడారు. మిగిలింది 37,700. అప్పుడు మీ శ్రీమతి యాడ్-ఆన్ కార్డుతో (మీ ఖాతా మీదే ఇంట్లోవాళ్లకు ఇచ్చే అదనపు కార్డు) స్కూల్ ఫీజు 38,500 కట్టారు. యాడ్-ఆన్ కార్డుకు వేరే లిమిట్ ఉండదు, ఇద్దరూ తోడేది ఒకే బావిలోంచి. అక్కడే 800 దాటింది. నాలుగు రోజులకు మీ టర్మ్ పాలసీ ప్రీమియం 3,400 ఆటో డెబిట్ అయింది. మొత్తం దాటింది 4,200.

చాలా బ్యాంకులు ఓవర్‌లిమిట్ ఫీజును దాటిన మొత్తంలో 2.5 శాతం అని రాసి, పక్కనే ‘కనీసం 500’ అనో ‘కనీసం 600’ అనో చేరుస్తాయి. దెబ్బ తగిలేది ఆ ‘కనీసం’ దగ్గర. 4,200లో 2.5 శాతం 105 రూపాయలే. కానీ మీ బ్యాంకు కనీసం 600 కాబట్టి 600 పడింది, దానిపై 18 శాతం జీఎస్టీతో 708. అంటే 4,200 కోసం దాదాపు 17 శాతం వదిలించుకున్నారు. మీరు దాటింది 800 దగ్గరే ఆగినా ఇదే 708 పడేది. 24 వేలు దాటితే తప్ప ఈ లెక్కలో 2.5 శాతం పనికే రాదు.

ఇక డబ్బు వెనక్కి రావడం గురించి. రిజర్వు బ్యాంకు 2022లో క్రెడిట్ కార్డులపై ఇచ్చిన ఆదేశాల్లో ఒక నిబంధన పెట్టింది: కార్డుదారు స్పష్టమైన సమ్మతి లేకుండా మంజూరు చేసిన లిమిట్ దాటనివ్వకూడదు. 2022 అక్టోబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. కాబట్టి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ‘ఫీజు ఎందుకు వేశారు’ అని అడక్కండి, లిమిట్ దాటారు సార్ అని చెప్పి పెట్టేస్తారు. యాప్‌లో గానీ ఈమెయిల్‌లో గానీ రాతపూర్వకంగా అడగండి: ‘ఓవర్‌లిమిట్‌కు నేను సమ్మతి ఇచ్చినట్టు మీ రికార్డులో ఏ తేదీన, ఏ మాధ్యమం ద్వారా ఉంది? లేకపోతే 600, జీఎస్టీ 108 రెండూ రివర్స్ చేయండి.’ రెండూ అని రాయడం మరవొద్దు. ఫీజు తిరిగొచ్చి జీఎస్టీ మిగిలిపోయే సందర్భాలుంటాయి. ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి.

కార్డు తీసుకున్నప్పుడో, యాప్‌లో ఏదో నొక్కినప్పుడో మీరు ఒప్పుకున్నట్టు చూపించారనుకోండి. అప్పుడు నిలదీయడం మాని, మొదటిసారి కాబట్టి మాఫీ చేయమని అడగండి. ఠంచనుగా కట్టే ఖాతాకు ఒకసారి వదిలేయడం మామూలే. సమ్మతి చూపించలేక, డబ్బూ ఇవ్వక 30 రోజులు గడిస్తే, లేదా ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకులపై ఫిర్యాదులు తేల్చే అధికారి) సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. ముందు బ్యాంకుకు రాయకుండా నేరుగా అక్కడికి వెళ్తే తిప్పి పంపేస్తారు.

ఈలోపు కోపంతో 708 ఆపి మిగతాది కట్టే పని మాత్రం పెట్టుకోకండి. బిల్లు పూర్తిగా కట్టకపోతే కొత్త కొనుగోళ్లపై వడ్డీ లేని గడువు పోతుంది, నెలకు మూడున్నర శాతం, కొన్ని బ్యాంకుల్లో అంతకంటే ఎక్కువ వడ్డీ మొదలవుతుంది. మొత్తం కట్టేయండి, రివర్సల్ వస్తే వచ్చే బిల్లులో తగ్గుతుంది.

మీకు అవసరం లేకపోయినా ఒకటి చెప్పాలి, ఎందుకంటే బిల్లు మొత్తం కాకుండా మినిమమ్ డ్యూ, అంటే ఆ నెల తప్పక కట్టాల్సిన కనీస మొత్తం, మాత్రమే కట్టేవాళ్లు ఇక్కడే జారిపడతారు. లిమిట్ దాటిన నెలలో మినిమమ్ డ్యూ అంటే ఎప్పటిలా బిల్లులో కొంత శాతం మాత్రమే కాదు. ఈఎంఐ వాయిదా, ఫీజులతో పాటు దాటిన మొత్తాన్ని కూడా చాలా బ్యాంకులు పూర్తిగా అందులో కలుపుతాయి. అలవాటుగా పోయిన నెలంత కట్టేస్తే మినిమమ్ కూడా చేరదు, దాని మీద లేట్ ఫీజు వేరే.

ఇప్పుడు చేయాల్సిన పని: యాప్‌లో కార్డు కంట్రోల్స్‌లోకి వెళ్లి ఓవర్‌లిమిట్ ఆఫ్ చేయండి. ఇక లిమిట్ చాలనప్పుడు కార్డు గీకితే డిక్లైన్ అవుతుంది, ఫీజు పడదు. అందరి ముందూ కార్డు చెల్లకపోతే చిన్నతనమని కొందరు దీన్ని ఆన్‌లోనే ఉంచుకుంటారు. యూపీఐ ఉన్న రోజుల్లో ఆ మొహమాటానికి 708 ఎక్కువ. అయితే ఆఫ్ చేశాక మీ టర్మ్ ప్రీమియం కూడా లిమిట్ లేని రోజున వెనక్కి పోతుంది. మూడు నెలలకోసారి కట్టే పాలసీకి గడువు దాటాక 30 రోజుల గ్రేస్ (అదనపు గడువు) ఉంటుంది, నెలనెలా కట్టేదానికి 15 రోజులే. అందుకని ముందు ఆ ఆటో డెబిట్‌ను జీతం పడే బ్యాంకు ఖాతాకు మార్చి, తర్వాతే ఓవర్‌లిమిట్ ఆపండి. వరస తిరగేయకండి.

యాడ్-ఆన్ కార్డుకు యాప్‌లో ఉప లిమిట్ పెట్టే వీలుంటే పెట్టండి. స్కూల్ ఫీజు లాంటి పెద్ద చెల్లింపు ఉన్నప్పుడు బిల్లు కోసం ఆగకుండా అంతవరకు వాడింది ముందే కట్టేయొచ్చు. మీరు ఆ 20,300 ముందే కట్టి ఉంటే ఈ గొడవే లేదు. కాకపోతే వేరే బ్యాంకు నుంచి పంపిన డబ్బు కార్డులో జమయ్యేసరికి ఒకటి రెండు పనిదినాలు పట్టొచ్చు. కట్టిన రసీదు కాదు, ‘అవైలబుల్ లిమిట్’ పెరిగిందో లేదో చూశాకే ఫీజు కట్టండి. అలాగే స్కూల్ పోర్టల్ క్రెడిట్ కార్డుకు కన్వీనియన్స్ ఫీజు వేస్తోందేమో చూడండి. 38,500 మీద ఒక శాతమైనా 385 రూపాయలు, వచ్చే రివార్డు పాయింట్లు చాలా కార్డుల్లో దానికి సరిపోకపోవచ్చు.

ఇంటి లోన్ విషయం: ఒక నెల లిమిట్ దాటినంత మాత్రాన లోన్ ఆగదు. వాడకం లిమిట్‌ను మించినట్టు క్రెడిట్ రిపోర్టులోకి వెళ్తే స్కోరు కొంత తగ్గొచ్చు, మీరు కట్టాక బ్యాంకు పంపే తర్వాతి సమాచారంతో కోలుకుంటుంది. కానీ ఇదే నెలనెలా కనిపిస్తే అప్పు మీద బతుకుతున్నట్టు లెక్కేస్తారు. దరఖాస్తుకు మూడు నాలుగు నెలల ముందు నుంచి కార్డు వాడకం 30 వేల లోపు ఉంచండి, ఇందులో ఈఎంఐకి బిగిసిన మొత్తం కూడా కలిపే చూసుకోండి. మీ ఈఎంఐ ఇంకో ఏడు వాయిదాల్లో తీరిపోతుంది కాబట్టి ఇది కష్టం కాదు. ఈ మధ్యలో కొత్తగా ఏదీ ఈఎంఐకి మార్చొద్దు. బ్యాంకు తనంతట తాను లిమిట్ పెంచుతామంటే తీసుకోండి, ఓవర్‌లిమిట్ మాత్రం ఆఫ్‌లోనే ఉండనివ్వండి.